కొవ్వే కదా, అత్తయ్యా

పన్నెండో నంబరు బోనులోని ఎలుక ఆరో రోజు ఉదయం వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నీళ్ళ గొట్టం దగ్గరికి వచ్చింది. ముందు రోజు సాయంత్రం దాకా అది చక్రమెక్కి తెగ పరుగులు తీసింది. పదమూడూ అంతే, పద్నాలుగూ అంతే. మేము మందు ఆపేసిన ఎలుకలన్నీ ఒకే రోజున, ఒకే తీరుగా చచ్చుబడ్డాయి.

"రాసుకో ఇందుమతీ," అన్నారు మా ప్రయోగశాల పెద్ద ఫణీంద్ర గారు. "ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే ఆరో రోజు తలుపు తెరుచుకుంటుంది."

రాసుకున్నాను. కింద రెండు గీతలు కూడా గీశాను. రాసుకోవడంలో నన్ను మించినవాళ్ళు విశాఖపట్నం మొత్తం మీద లేరని మా వాళ్ళంతా ఒప్పుకుంటారు. రాసుకున్నది చెప్పాల్సిన వాళ్ళకి చెప్పడం దగ్గరే నాతో చిక్కు.

ఆ మందుకి కాగితాల మీద పదకొండు అక్షరాలూ మూడు అంకెలూ ఉన్న పేరొకటి ఉంది. మేము మాత్రం గొళ్ళెం అనేవాళ్ళం. స్ఫింగోలిపిడ్లనే కొవ్వుల కుటుంబం నుంచి పుట్టింది అది. నూటయాభై ఏళ్ళ కిందట మెదడులో ఈ కొవ్వుల్ని కనుక్కున్నాయన వాటి తీరు అంతుపట్టక, పొడుపుకథలు వేసి మనుషుల్ని చంపే ఒక రాక్షసి పేరు పెట్టాడట. ఆయన పెట్టిన పేరు తప్పు కాదు. ఆ కుటుంబంలో ఒక కొవ్వు నరాలకి తొడుగవుతుంది. ఒకటి కణానికి "ఇక నువ్వు చచ్చిపో" అని చెబుతుంది. ఇంకొకటి, దాని తోడబుట్టిందే, "బతుకు, కదులు, బయటికి రా" అంటుంది. గొళ్ళెం ఆ మూడోదానికి మారువేషం.

మా పరీక్షలో చేరిన మనుషులు పన్నెండు మంది. ఎనిమిదో మనిషి హైమావతి, ముప్పై ఒక్క ఏళ్ళు, నరసాపురం, లేసు అల్లిక పని. కాగితాల్లో రాయని సంగతి ఇంకోటుంది. హైమ మా ఆయనకి స్వయానా చెల్లెలు. పరిశోధన చేసేవాళ్ళ బంధువులు పరీక్షలో ఉండకూడదని నియమం. కానీ పెళ్ళితో హైమ ఇంటిపేరు మారింది, నా ఇంటిపేరూ మారింది, చుట్టరికం ఎవరి కంటా పడలేదు. నేనూ చెప్పలేదు.

ఎలా చెబుతాను? ఇరవై ఏడో ఏట హైమ ఎడమ కన్ను పోయింది. ఒంటిని కాపలా కాయాల్సిన తెల్లకణాలే కంటినరం తొడుగుని శత్రువనుకుని కొరికేశాయి. ఉన్న మందులన్నీ వాడి చూశాం, రెండుసార్లు కాళ్ళు కూడా పట్టు తప్పాయి. ఇక మిగిలింది కుడి కన్ను. ఆ ఒక్క కంటితోనే వెంట్రుకంత దారంతో పూలూ నెమళ్ళూ అల్లేది. కూతురు జాహ్నవికి అప్పుడు మూడేళ్ళు. మొగుడు త్రిమూర్తులు మరబోటు మీద మెకానిక్కు, నెలకి ఇరవై రోజులు సముద్రం మీదే. ఆ కుడి కన్ను నిలబడాలని నాకుండేది. శాస్త్రం కోసమని అబద్ధం చెప్పను, దాని కోసమే చేర్చాను.

హైమ సంతకం పెట్టేసింది. ఒప్పుకోవాల్సింది మా అత్తగారు రత్నమాణిక్యం గారు. ఆవిడ కూతురి దగ్గరే ఉంటారు, ఆవిడ సరేనననిదే ఆ ఇంట్లో చింతపండు కూడా నానదు.

ఆ రోజు ఆవిడ వంటింట్లో వెన్న కాస్తున్నారు. నేను పీట లాక్కుని కూర్చున్నాను.

"ఎలకలకి పెట్టిన మందంట కదా, నా పిల్లకి పెడతావా?" అన్నారు గరిటె తిప్పుతూ.

అప్పుడు చెప్పాల్సిందేమిటో నాకు తెలుసు. తెల్లకణాలు మెడలోనూ చంకల్లోనూ ఉండే గ్రంథుల్లో గుమిగూడి ఉంటాయి. నెత్తురులో తేలే ఆ మూడో కొవ్వు వాసన పట్టుకుని, దాని వెంటబడి బయటికి వస్తాయి. గొళ్ళెం వేస్తే వాటికి ఆ వాసన తెలియదు. అందులోనూ అన్నిటినీ కాదు, ఒకసారి నరం రుచి మరిగిన వాటినే మా గొళ్ళెం బంధిస్తుంది, అదే మేము కొత్తగా కనిపెట్టింది. అవి లోపలే ఉంటాయి, చావవు, రోజురోజుకీ పోగవుతుంటాయి. అందుకే మానకూడదు. ఇంత చెబితే ఆవిడ భయపడతారని, భయపడితే ఒద్దంటారని నా భయం. పైగా ఏడో తరగతి చదివిన మనిషికి ఇదంతా ఎందుకులే అన్న పొగరు ఒకటి. దాన్ని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడది నాకు ప్రేమలాగే కనిపించింది.

"మందనుకోకండి అత్తయ్యా. మన ఒంట్లో ఉండే కొవ్వులాంటిదే. మీరు కాస్తున్న నెయ్యి ఉంది చూడండి, అలాంటిదని అనుకోండి. రోజూ పొద్దున్నే ఒక గుళిక."

ఆవిడ గరిటె ఆపి నా మొహంలోకి చూశారు. "అంతేనా?"

"అంతే. కొవ్వే కదా, అత్తయ్యా."

ఆవిడ భుజాలు దిగాయి. "అదేదో ముందే చెప్పొచ్చు కదమ్మాయ్, వారం రోజులబట్టి నాకు నిద్ర లేదు," అని కొత్త నెయ్యి వేసి నాకు అన్నం కలిపి పెట్టారు. ఎంత తేలిగ్గా చెప్పగలిగానో అనుకుంటూ నేను ఆ ముద్దలు తిన్నాను.

మూడేళ్ళు గొళ్ళెం జారలేదు. ప్రతి ఉదయం హైమ వేలు గుచ్చుకుని ఒక చుక్క నెత్తురు చిన్న యంత్రంలో వేసేది, నెత్తురులో తిరుగుతున్న ఆ తెల్లకణాల అంకె మా ప్రయోగశాల తెరమీదికి వచ్చేది. పది లోపు ఉంటే గొళ్ళెం పడి ఉన్నట్టు. హైమది ఎప్పుడూ నాలుగో అయిదో.

శుక్రవారం నాడు అంకె రాలేదు.

అదేమంత పెద్ద విషయం అనిపించలేదు. అల్పపీడనం పట్టింది, గోదావరి జిల్లాల్లో కరెంటు లేదని వార్తల్లో చెబుతున్నారు. శని, ఆదివారాలూ రాలేదు. హైమ ఫోన్ కలవలేదు. ఆదివారం అత్తయ్యకి చేస్తే, "అంతా బానే ఉంది, తరవాత మాట్లాడతాను," అని పెట్టేశారు. ఆవిడ ఫోన్లో ఎప్పుడూ అంత పొదుపుగా మాట్లాడరు. అయినా నేను అనుమానపడలేదు. బుధవారం ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోంది, పన్నెండు మంది పట్టికలూ తళతళలాడాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చకి ముస్తాబవుతున్నాను.

మంగళవారం ఉదయం ఏడింటికి మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, "పాలకొల్లు బాబాయి ఫోన్ చేశాడు," అన్నాడు. "అమ్మావాళ్ళ గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయట. బయట నించే చూసి వెళ్ళిపోయాడు. జాహ్నవికి అమ్మవారు పోసినట్టుంది."

అమ్మవారు పోసిన ఇల్లంటే ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు, అలాంటి ఇంట్లోనే పుట్టాను. ఒంటి మీద పొక్కులని అనరు, జబ్బని అనరు. తల్లి వచ్చి ఉంది అంటారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ సూది ముట్టరు, నెత్తురు చిందనివ్వరు. ఒకరింటికి వెళ్ళరు, ఫోన్లలో కబుర్లు చెప్పుకోరు. తొమ్మిదో రోజు వేపాకు నీళ్ళు పోసేదాకా అంతే. యంత్రంలోకి చుక్క ఎందుకు పడలేదో అర్థమైంది. చుక్క ఒక్కటే ఆగిందా, గుళిక కూడా ఆగిందా?

చివరి అంకె గురువారంది. వేళ్ళమీద లెక్కపెట్టాను. శుక్ర, శని, ఆది, సోమ, మంగళ. ఈ రోజు అయిదో రోజు.

నేనూ మా ఆయనా అప్పటికప్పుడు కారులో నరసాపురం బయల్దేరాం. దారిపొడుగునా ఫోన్లో ఫణీంద్ర గారితో మాట్లాడుతూనే ఉన్నాను. ఎనిమిదో మనిషి నా ఆడపడుచని తుని దగ్గర చెప్పేశాను. ఆయన, "ఆ గొడవ తరవాత చూద్దాం. ముందు గుళిక వెయ్యి," అన్నారు. "ఇప్పటికే బయటపడ్డవాటిని అది వెనక్కి తోలదు, ఆ సంగతి తెలుసు కదా నీకు. లోపలున్నవాటిని ఆపుతుంది. కన్ను చూస్తూ ఉండు. ఎరుపు వెలిసినట్టు కనిపించిందంటే నరం వాచినట్టే. అప్పుడిక గంటలు కూడా లెక్కే, ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఎక్కించాలి."

మూడు దాటాక నరసాపురం చేరాం. గుమ్మానికి వేపమండలు వాడి వేలాడుతున్నాయి. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాం. జాహ్నవి తెల్లటి పాత చీర మీద పడుకుని ఉంది, మొహమంతా పొక్కులే. హైమ పక్కన కూర్చుని వేపమండతో మెల్లగా విసురుతోంది. చిన్నప్పుడే హైమకి పోసిపోయింది కాబట్టి దాన్నుంచి భయం లేదు. నా భయమంతా గుళిక గురించే.

"వదినా, నువ్వెందుకొచ్చావు ఇప్పుడు?" అంది హైమ, సంతోషమో గాబరానో తెలియకుండా.

"గుళిక వేసుకుంటున్నావా?"

తల దించుకుంది. "పిల్లకి నూటనాలుగు జ్వరం వదినా. ఇంట్లో ఏదైనా తప్పు జరిగి దీనికేమన్నా అయితే? నాలుగు రోజులకి ఏమవుద్దిలే అనుకున్నాను. నీకు చెబితే ఒప్పుకోవని ఫోన్ ఆపేశాను."

దేవుడి పటం ముందు నుంచి కుంకుమ భరిణె తెచ్చి కుడి కంటి ముందు పెట్టాను. "ఏ రంగు?"

"ఎరుపు."

"ఎప్పటిలాగే ఉందా?"

"చక్కగా ఉంది."

యంత్రం తీసి అక్కడే వేలు గుచ్చాను, అత్తయ్య చూస్తున్నా ఆగలేదు. ముప్పై ఎనిమిది. గొళ్ళెం ఊడే ఉంది.

పెరట్లో అత్తయ్య ఎదురుపడ్డారు. నేను గొంతు తగ్గించలేదు. "ప్రాణం పోయినా మానకూడని మందు అది. అమ్మవారి పేరు చెప్పి ఆపేస్తారా? ఈ కాలంలో కూడానా?"

"మందా?" అన్నారు ఆవిడ.

"మందు కాకపోతే మరేవిటి?"

"మందు కాదన్నావు కదమ్మా." ఆవిడ గొంతులో కోపం లేదు, తికమక ఉంది. "కొవ్వన్నావు. నెయ్యిలాంటిదన్నావు. అమ్మవారుండగా ఇంట్లో నూనె చుక్క, నెయ్యి చుక్క ముట్టం, తాలింపు కూడా పెట్టం. అందుకని గూట్లో పెట్టేశాను. మందైతే ఎందుకాపుతాను? మీ మామగారికి చక్కెర జబ్బు. హైమకి చిన్నప్పుడు అమ్మవారు పోసినపుడు తొమ్మిది రోజులూ ఆయన్ని బయట అరుగు మీద కూర్చోబెట్టి ఇన్సులిన్ పొడిపించాను. తల్లికి చెప్పుకుని, గడప బయట వేసుకోవచ్చు. దానికి పద్ధతుంది. నువ్వడిగితే చెప్పేదాన్ని."

చదువుకోని మనిషి మూఢనమ్మకంతో ఆపేసిందని దారంతా తిట్టుకుంటూ వచ్చాను. ఆవిడ నేను చెప్పిన మాటని అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ఎక్కడా తప్పు చేయలేదు. తప్పు నా నోట్లోంచి వచ్చింది, అదీ నవ్వుతూ, నెయ్యి అన్నం తినబోతూ.

"ఇప్పుడు వేస్తారా?" అన్నాను.

ఆవిడ గూట్లోంచి డబ్బా తీసి, వేపమండల ముందు నిలబడి ఏదో గొణిగి, హైమని చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చారు. గుళిక స్వయంగా ఆవిడే కూతురి నోట్లో వేశారు. "దీనికేం కాదు కదా?" అని అడిగారు నన్ను.

"ఏం కాదత్తయ్యా," అన్నాను. నాకు తెలియదు. అయినా అన్నాను.

ఆ సాయంత్రం గంటకోసారి కుంకుమ భరిణె పట్టుకుని హైమ ముందు నిలబడ్డాను. "ఎర్రగానే ఉంది వదినా, నువ్వు కాసేపు కూర్చో," అని నవ్వేది. పడుకునే ముందు అంకె చూస్తే ముప్పై ఒకటి. లోపలున్నవి ఆగుతున్నాయి. బయటికి పోయినవి ఎక్కడున్నాయో చెప్పే యంత్రం మాకు లేదు.

బుధవారం తెల్లవారింది. ఆరో రోజు.

మంచం దిగి తిన్నగా హైమ దగ్గరికి వెళ్ళాను. జాహ్నవికి జ్వరం తగ్గింది, చద్దన్నంలో పెరుగు కలిపి హైమ తినిపిస్తోంది. భరిణె చూపించాను.

"ఎర్రగానే ఉంది."

"నిజంగా?"

"నిజంగానే వదినా. పో, కాఫీ తాగు."

అంకె పద్నాలుగుకి దిగింది. హైమ మామూలుగా నడిచింది, మెట్లు దిగింది, చేతులు వణకడం లేదు. ఫణీంద్ర గారికి ఫోన్ చేసి బానే ఉందని చెప్పాను. ఆయన "హమ్మయ్య" అనడం విన్నాను. మా ఆయన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నాకు ఆకలి కూడా వేసింది.

పదింటికి నేను జాహ్నవి దుప్పటి దులుపుతుంటే దాని రిబ్బన్ కింద పడింది. దువ్వెన పెట్టకూడదని జడ విప్పేసినప్పుడు తీసి పడేసి ఉంటారు. నేను తీసి, మడిచి, పక్కనే కూర్చున్న హైమకి అందించాను. తను అందుకుని, వేళ్ళతో తడిమి చూసి, "ఇది ఏ రిబ్బనూ?" అంది.

రిబ్బన్ తన కంటికి జానెడు దూరంలో ఉంది.

"నువ్వే చెప్పు. ఏ రంగు?"

హైమ చాలాసేపు చూసింది. తల కొంచెం పక్కకి వంచి, అంచునుంచి చూసింది. "కాఫీపొడి రంగు," అంది చివరికి.

మందారపువ్వులా ఎర్రగా ఉందది.

"పొద్దున కుంకుమ ఎర్రగా ఉందన్నావు."

"కుంకుమ ఎర్రగా ఉంటుందని నాకు తెలుసు కదా వదినా." మెల్లగా అంది, పిల్లకి వినపడకుండా. "తెల్లారి లేచేసరికే మధ్యలో మసగ్గా ఉంది. కన్ను తిప్పితే నొప్పి. నువ్వు గుళిక వేశావు కదా, మధ్యాహ్నానికి సర్దుకుంటుందేమోనని చూస్తున్నాను. అమ్మకి చెప్పకు. తన చేత్తోనే ఆపానని ఏడ్చి చస్తుంది. ఇంకో మూడు రోజులుంటే తలంటైపోతుంది, అప్పుడు నెమ్మదిగా ఆసుపత్రికి పోదాం."

గంటలు కూడా లెక్కే అన్నారు ఫణీంద్ర గారు. తెల్లారినప్పటి నుంచి నాలుగు గంటలు పోయాయి. నేను కాఫీ తాగుతూ, ఇడ్లీ గురించి ఆలోచిస్తూ పోగొట్టిన నాలుగు గంటలు.

వంటింటి వైపు నడిచాను. ఆ పది అడుగుల్లో నా నోట్లో ఒక అబద్ధం తయారైపోయింది. ఊరికే పరీక్షకి తీసుకెళ్తున్నాం అత్తయ్యా, సాయంత్రానికి తెచ్చేస్తాను. ఎంత మెత్తగా వచ్చిందో చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. అమ్మవారుండగా ఇల్లు కదలనివ్వరు, ఈ అబద్ధం చెబితేనే ఒప్పుకుంటారు, అని నా బుర్ర పాతపాటే పాడుతోంది.

అత్తయ్య తాలింపు లేని పెసరపప్పు దించుతున్నారు. పీట లాక్కుని కూర్చున్నాను.

"అత్తయ్యా, హైమకి కుడి కన్ను కూడా పోతోంది. పొద్దున కన్ను బాగుందని అది చెప్పింది అబద్ధం, మీరు బాధపడతారని. నిన్న ఏం కాదని నేను చెప్పిందీ అబద్ధమే. ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తే కొంత నిలబడొచ్చు. మొత్తం నిలబడుతుందని చెప్పలేను. ఆ గుళిక నెయ్యిలాంటిది కాదు. ఆపితే ఆరో రోజు ఇలా అవుతుందని నాకు మూడేళ్ళ నించి తెలుసు. మీకు చెప్పలేదు."

ఆవిడ పప్పుగిన్నె కింద పెట్టారు. నా వైపు చూడలేదు. లేచి, ముందుగదిలోకి వెళ్ళి, హైమ ఒళ్ళోంచి జాహ్నవిని ఎత్తుకున్నారు.

"లే," అన్నారు కూతురితో. "వదినతో వెళ్ళు. తల్లితో నేను చెప్పుకుంటాను."

"అమ్మా, తొమ్మిదో రోజు—"

"చెప్పుకుంటానన్నాను కదా. చెప్పులేసుకో."

అర నిమిషం పట్టలేదు. చెబితే వినదని, అర్థం కాదని మూడేళ్ళు నేను దాచిపెట్టిన మాట వినడానికి ఆ మనిషికి అర నిమిషం పట్టలేదు. గుమ్మం దాటుతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపి, "దారిలో దానికి ఉన్నదున్నట్టు చెప్పు," అని మాత్రం అన్నారు.

మా ఆయన కారు తీశాడు. నేనూ హైమా వెనక కూర్చున్నాం. మొత్తం చెప్పడం మొదలుపెట్టాను. ఎలుకల సంగతి, గొళ్ళెం సంగతి, బయటపడ్డవి ఇప్పుడేం చేస్తున్నాయో అదీ. హైమ నా చెయ్యి పట్టుకుని వింది.

ఊరు దాటాక కారు ఆగింది.

"ఎందుకాగాం వదినా?" అంది హైమ.

ఎదురుగా, కారు ముక్కుకి ఆనేంత దగ్గరగా, రైలు గేటు దించి ఉంది. దాని మధ్యలో పళ్ళెమంత ఎర్రటి బిళ్ళ. హైమ మొహం తిన్నగా దానివైపే ఉంది.

"గేటు పడింది హైమా," అన్నాను.